కువైట్ కోర్టుల కథ, మన కోర్టు మాటలతో

ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ పాఠం చెప్పబోయే టీచర్లకు ముందుగా ఒక మాట. మన పిల్లలకు కోర్టు అంటే సినిమా కోర్టే. నల్లకోటు లాయరు, బోను, "యువరానర్" అనే కేక, చివరి నిమిషంలో తలుపు తోసుకుని వచ్చే సాక్షి. వాళ్లు పుట్టి పెరుగుతున్న ఈ దేశంలో కోర్టు అలా ఉండదు. నిజానికి మన ఊళ్లలోనూ అలా ఉండదు, అది వేరే సంగతి. సాంఘిక శాస్త్రం టీచరు చెప్పాల్సిన ఈ విషయం తెలుగు తరగతిలో ఎందుకని మీకు అనిపించవచ్చు. తెలుగువాడు కోర్టులో వాడే మాటల్లో సగం అరబీ నుంచి వచ్చినవే. అవే మాటలు రుమైథియా వీధుల్లో, ఇక్కడి పోలీస్ స్టేషన్లో, కోర్టులో ఇప్పటికీ వినిపిస్తాయి. కాకపోతే కొన్నిటికి అర్థం అదే, కొన్నిటికి పూర్తిగా తలకిందులు. ఆ తలకిందులైన వాటి దగ్గరే మనవాళ్లు దెబ్బతింటారు. అందుకని ఈ పాఠాన్ని మాటల వెంట నడిపించాం.

హాజరు పిలిచేటప్పుడే మొదలుపెట్టవచ్చు. "హాజరు" అన్న మాట ఎక్కడిదో పిల్లల్ని అడగండి. బళ్లో అరబీ టీచరు పేరు పిలిస్తే ఏమంటారో కూడా అడగండి. "హాదిర్" అంటారు. రెండూ ఒకటే మాట. అరబీలో బరువుగా పలికే ఒక అక్షరం ఉంది. పారశీకులకు అది నోరు తిరగక "జ" అన్నారు. మనకు ఆ మాటలు పారశీకుల నోటి మీదుగా వచ్చాయి కాబట్టి మనమూ "జ" అంటాం. ఈ ఒక్క సూత్రం చెబితే చాలు, మిగతావి పిల్లలే పట్టేస్తారు. వీళ్ల ఖాదీ మన ఖాజీ. వీళ్ల దామిన్, అంటే పూచీ ఉండేవాడు, మన జామీను. వీళ్ల మహ్దర్ మన మహజరు.

ఇవి తెలుగులోకి ఎలా వచ్చాయన్నది పెద్ద కథే, కానీ క్లాసులో రెండు నిమిషాల్లో ముగించండి. గోల్కొండ సుల్తానుల కాలంలో, తర్వాత మొగలుల, నిజాముల పాలనలో దస్త్రాలన్నీ పారశీకంలో నడిచాయి. ఈస్టిండియా కంపెనీ కోస్తాకి, సీమకి వచ్చి 1802లో మద్రాసు రెగ్యులేషన్లతో జిల్లా అదాలతులు పెట్టినప్పుడు జడ్జీలు ఇంగ్లీషు దొరలు, మాటలు మాత్రం పాతవే. దావా, ఫిర్యాదు, వకీలు, మునసబు, అమీను, జప్తు, రాజీ, వాయిదా. ఈ మాటలు తెలియక కొత్త దొరలు తికమకపడుతుంటే సి.పి. బ్రౌన్ వాటికోసం విడిగా నిఘంటువులే చేశాడు. 1852లో వచ్చిన జిల్లా నిఘంటువు ఒకటి, తెలుగులో కలిసిన అన్యదేశ్య పదాలతో 1854లో వచ్చిన మిశ్రభాషా నిఘంటువు ఇంకొకటి. మన తరగతిలో కడప జిల్లా పిల్లలే ఎక్కువ కదా, వాళ్లకు బ్రౌన్ కడపలో ఉద్యోగం చేసిన మనిషి అని చెప్పండి. పొంగిపోతారు.

ఇక కువైట్ సంగతి.

చమురు పడక ముందు కువైట్ ఒక ఓడరేవు. ముత్యాల వేట, ఖర్జూరాల వ్యాపారం, బొంబాయికి, మలబారుకి పడవ ప్రయాణాలు. అప్పట్లో న్యాయం రెండు చోట్ల దొరికేది. పెళ్లి, విడాకులు, వారసత్వం, అప్పు తగాదాలు ఖాదీ దగ్గరికి వెళ్లేవి. అల్-అద్సానీ కుటుంబంవారు తరతరాలుగా ఆ పదవిలో ఉన్నారు. మిగతావి షేక్ స్వయంగా వినేవాడు. ముత్యాల పడవల లెక్కల్లో తేడాలొస్తే ఆ పని తెలిసిన పెద్దలు కూర్చుని తేల్చేవారు. మన రచ్చబండతో పోల్చి చెప్పవచ్చు. అయితే రచ్చబండ మొత్తం మంచిదే అన్నట్టు చెప్పొద్దు. పెద్దమనుషుల న్యాయం పెద్దమనుషులకి దగ్గరగా ఉంటుందని మన పల్లెల్లో అందరికీ తెలుసు. ముత్యాల వేటగాడు పడవ యజమానికి అప్పుపడి, ఆ అప్పు తీరక ఏటేటా అదే పడవ ఎక్కాల్సివచ్చేది. తీర్పు చెప్పే పెద్దల్లో మునిగేవాడి మాట ఎంత నెగ్గి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన ఘట్టం వస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లో ఇది ఎక్కడా ఉండదు. 1899 జనవరిలో షేక్ ముబారక్ బ్రిటిష్‌వారితో ఒప్పందం చేసుకున్నాడు. 1904లో ఇక్కడ బ్రిటిష్ పొలిటికల్ ఏజెంటు దిగాడు. ఏజెంటు అంటే లండన్ నుంచి నేరుగా వచ్చిన రాయబారి అనుకునేరు. ఆయన బ్రిటిష్ ఇండియా ప్రభుత్వపు ఉద్యోగి. ఆయన పైఅధికారి పర్షియా తీరంలో బుషెహర్‌లో ఉండే రెసిడెంటు, ఆ పైన ఇండియా ప్రభుత్వం. 1925లో వచ్చిన కువైట్ ఆర్డర్ ఇన్ కౌన్సిల్ ఆ ఏజెంటుని జడ్జీని కూడా చేసింది. బ్రిటిష్ ప్రజలు ఎవరైనా ఇక్కడ నేరం చేస్తే ఖాదీ విచారించడు, షేక్ విచారించడు, ఏజెంటే విచారిస్తాడు. బ్రిటిష్ ప్రజలంటే అప్పట్లో ఇండియా వాళ్లు కూడా. మరి ఏ చట్టం ప్రకారం? ఇండియన్ పీనల్ కోడ్!

అంటే మెకాలే ముసాయిదా రాయగా 1860లో చట్టమైన ఆ పుస్తకం, గుంటూరులోనూ కడపలోనూ దొంగని విచారించిన అదే పుస్తకం, కువైట్‌లో ఉన్న ఇండియా వాడికీ వర్తించింది. మోసగాణ్ణి మనం "ఫోర్ ట్వంటీ" అంటాం కదా, ఆ సెక్షను ఇక్కడి ఇసుకలోనూ నడిచింది. ఇండియా రూపాయే ఇక్కడి డబ్బు, ఇండియా తపాలా బిళ్లలే ఉత్తరాల మీద, ఇండియా శిక్షాస్మృతే ఇండియా వాడి మీద. ఒకే వీధిలో ఇద్దరు కొట్టుకుంటే, వాళ్లలో ఒకడు కువైటీ, ఒకడు బొంబాయి గుమాస్తా అయితే, ఎవరి కేసు ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది మనిషి ఎవడన్నదాన్ని బట్టి ఉండేది. చేసిన పనిని బట్టి కాదు. ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగండి. ఇది మంచి ఏర్పాటేనా అని పిల్లల్ని అడగండి. "మనకి మన చట్టం ఉండటం మంచిదే కదా" అని కొందరు తప్పకుండా అంటారు. అప్పుడు మీ ఇంటికి అతిథి వచ్చి తన రూల్సు తనే తెచ్చుకుంటానంటే ఒప్పుకుంటావా అని అడగండి. వాదన బాగా నడుస్తుంది, నడవనివ్వండి.

కువైట్ నగరంలో గల్ఫ్ రోడ్డు పక్కన డిక్సన్ హౌస్ ఉంది. 1935 దాకా ఏజెంట్ల నివాసం అదే. హెరాల్డ్ డిక్సన్ 1929 నుంచి 1936 వరకు ఏజెంటుగా చేశాడు. నీలం కిటికీలతో ఉన్న ఆ పాత ఇంటిని పిల్లలు కారులోంచి ఎన్నోసార్లు చూసే ఉంటారు. ఏజెంటు అక్కడే ఉండేవాడని చెబితే పాఠానికి ఒక గోడ, ఒక తలుపు దొరుకుతాయి.

1947 తర్వాత ఆ అధికారం ఇండియా చేతుల్లోంచి పోయి లండన్ చేతికి వెళ్లింది. 1946లో చమురు ఎగుమతి మొదలయ్యాక జనం పెరిగారు, తగాదాలు పెరిగాయి. మనిషికో కోర్టు చొప్పున ఒక దేశం ఎన్నాళ్లు నడుస్తుంది? 1959లో 19వ నంబరు చట్టంతో కువైట్ తన కోర్టులను ఒక్క కప్పు కిందికి తెచ్చింది. ఈ చట్టాలు రాయడంలో సాయం చేసినవాడు ఈజిప్టు న్యాయకోవిదుడు అబ్దుల్ రజాక్ అల్-సన్హూరీ. 1948 నాటి ఈజిప్టు సివిల్ కోడ్ రాసింది ఆయనే. 1960లో 16వ నంబరు చట్టం శిక్షాస్మృతి అయింది, 17వ నంబరు చట్టం నేరవిచారణ పద్ధతి అయింది. బ్రిటిష్ కోర్టు తన దగ్గరున్న అధికారాన్ని విడతలుగా అప్పగించి 1961లో మూసేసింది. అదే ఏడాది జూన్ 19న కువైట్ స్వతంత్ర దేశమైంది. 1962 నవంబరులో రాజ్యాంగం వచ్చింది. చట్టంలో లేని నేరం లేదు అని 32వ అధికరణం, న్యాయ విచారణలో రుజువయ్యేదాకా నిందితుడు నిర్దోషే అని 34వ అధికరణం, జడ్జి మీద ఎవరి అధికారమూ చెల్లదని 163వ అధికరణం చెబుతాయి. పెద్ద పిల్లల చేత ఈ మూడూ నోటుబుక్కులో రాయించండి.

ఈ మార్పులో పిల్లలు గమనించాల్సింది ఒకటుంది. ఇండియాది ఇంగ్లీషు పద్ధతి. జడ్జి ముందు ఇద్దరు లాయర్లు వాదించుకుంటారు, సాక్షిని అడ్డప్రశ్నలు వేసి ఊపిరాడనివ్వరు. కువైట్ ఈజిప్టు దారి పట్టింది. ఈజిప్టు అంతకుముందే ఫ్రాన్సు దారి పట్టింది. ఆ పద్ధతిలో కేసులో సగానికి పైగా బరువు కోర్టు మెట్లు ఎక్కకముందే, దర్యాప్తు కాగితాల్లో పడిపోతుంది. జడ్జి ముందుకి వచ్చేది మొదట ఫైలు, తర్వాతే మనిషి. ఈ తేడా తెలియకపోవడం వల్ల మనవాళ్లు "కోర్టులో చెప్పుకుందాంలే" అనుకుని, ముందు చెప్పాల్సిన చోట నోరు విప్పరు.

ఇప్పుడు ఒక కేసు నడక చూద్దాం. బోర్డు మీద ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు కువైట్ మాట రాస్తూ వెళ్లండి.

మొదట పోలీస్ స్టేషను, ఇక్కడి మాటలో మఖ్ఫర్. లిఖితపూర్వకమైన ఉత్తర్వు లేకుండా పోలీసులు మనిషిని ఎన్నాళ్లు ఉంచుకోవచ్చన్నది 2012లో రెండు రోజులకు తగ్గించారు, 2016లో మళ్లీ నాలుగు రోజులు చేశారు. తర్వాత తహ్ఖీఖ్, అంటే దర్యాప్తు. హైదరాబాదు వైపు పెద్దలకు "తహకీకాతు" తెలిసే ఉంటుంది. 1960 చట్టం నేరాల్ని రెండుగా విడగొట్టింది. మూడేళ్లకు మించి జైలు, యావజ్జీవం, మరణశిక్ష పడగలవి జినాయా. మూడేళ్ల లోపువి జున్హా. చిన్నవాటి దర్యాప్తు హోం శాఖలోని దర్యాప్తు విభాగానికి ఇచ్చింది, పెద్దవాటిది నియాబాకి, అంటే ప్రాసిక్యూషన్ కార్యాలయానికి. నియాబా అన్న మాట మనకు కొత్తేమీ కాదు. మన నాయబు తాసిల్దారులోని నాయబు దీని చుట్టమే. ఒకరి తరఫున నిలబడేవాడని అర్థం. ఇక్కడ జనం తరఫున నిలబడుతుంది.

అసలు ప్రమాదం ఇక్కడుంది. నియాబాలో ప్రశ్నలడిగే అధికారిని "వకీల్ నియాబా" అంటారు. మన మనిషి చెవిన పడేది "వకీల్" ఒక్కటే. వకీలు వచ్చాడు, నా తరఫున మాట్లాడతాడు అనుకుంటాడు. ఆయన ఎదుటి పక్షం, అభియోగం మోపే పక్షం. మన తరఫు లాయరుని ఇక్కడ "ముహామీ" అంటారు. అరబీలో వకీలంటే ఎవరి తరఫునైనా పని చేసేవాడు, అంతే. మనం ఆ మాటని లాయరుకి కట్టేశాం, వీళ్లు ప్రభుత్వాధికారికి కట్టారు. ఈ ఒక్క మాట పిల్లలకు గుర్తుండిపోయి ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పినా ఈ పాఠం చెప్పినందుకు ఫలితం దక్కినట్టే.

ముద్దాయి కూడా ఇలాంటిదే. అరబీలో ముద్దఈ అంటే దావా వేసినవాడు. ఎవరి మీద వేశారో ఆయన ముద్దఆ అలైహి. తెలుగుకి వచ్చేసరికి ఆ రెండో మాట తోక తెగి, ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడైపోయినట్టుంది. నేరం కేసులో నిందితుణ్ణి ఇక్కడ "ముత్తహమ్" అంటారు. ఆ మాట పిల్లలకు నేర్పండి, ముద్దాయిని నమ్ముకోవద్దని చెప్పండి.

దర్యాప్తులో అడిగిన ప్రశ్నలు, చెప్పిన జవాబులు రాసే కాగితమే మహ్దర్. మన మహజరు. దాని మీద సంతకం పడితే అది ఫైల్లోకి వెళ్లిపోతుంది. ఇండియాలో 1872 సాక్ష్యచట్టం నుంచి ఒక కట్టుబాటు ఉంది: పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నది కోర్టులో రుజువుగా పనికిరాదు. మన పల్లెల్లో కూడా ఇది చూచాయగా తెలుసు. "కొట్టి రాయించుకున్నారండీ" అంటే జడ్జి వింటాడన్న ధీమా ఉంటుంది. ఇక్కడి చట్టం కూడా బలవంతంగా చెప్పించిన ఒప్పుకోలును పక్కన పెట్టమంటుంది. కానీ బలవంతం ఏమీ లేకుండా, అర్థం కాకుండా పెట్టిన సంతకం మాటేమిటి? అది మహ్దర్‌లో సంతకమే. దాన్ని తర్వాత కాదనడం చాలా కష్టం.

విడుదలకి కట్టే పూచీని ఇక్కడ "కఫాలా" అంటారు. కువైట్‌లో ఆరునెలలున్నవాడికైనా కఫీల్ తెలుసు, వీసా ఇచ్చిన యజమాని. రెండింటికీ పూచీ అనే అర్థం ఉన్న ఒకే ధాతువు. స్టేషన్లో "కఫాలా" అని వినగానే యజమానిని పిలుస్తున్నారనుకుని హడలిపోయేవాళ్లు ఉంటారు. చాలాసార్లు అది జామీను సొమ్ము గురించిన మాట.

ఆ తర్వాత కోర్టు. ఇక్కడ పిల్లలు పడీ పడీ నవ్వుతారు, సిద్ధంగా ఉండండి. కోర్టులో ఒక రోజు విచారణని "జల్సా" అంటారు. మనకి జల్సా అంటే తెలిసిందే! అరబీలో మాత్రం కూర్చోవడమని అర్థం, జడ్జి కూర్చునే రోజు. పెద్ద నేరాలకు ముగ్గురు జడ్జీలు కూర్చుంటారు. నిందితుడికి లాయరు లేకపోతే ఆ కేసుల్లో కోర్టే ఒకర్ని పెడుతుంది. తీర్పుని "హుక్మ్" అంటారు, మన హుకుం. తీర్పు నచ్చకపోతే ఇరవై రోజుల్లో ఇస్తిఅనాఫ్ కోర్టుకి, అంటే అప్పీలుకి వెళ్లాలి. ఆపైన తమ్యీజ్ కోర్టు, 1972లో ఏర్పడింది, అందులో అయిదుగురు జడ్జీలు. తమ్యీజ్ అంటే మంచిచెడ్డలు వేరు చేయడం. హైదరాబాదులో "తమీజ్ లేదా నీకు" అని తిడతారే, ఆ తమీజే. 2020లో మొదటిసారి ఎనిమిది మంది మహిళలు ఇక్కడ జడ్జీలుగా ప్రమాణం చేశారని ఆడపిల్లలకు చెప్పడం మరవకండి.

కోర్టు భాష అరబీ. 1990 నాటి న్యాయవ్యవస్థ చట్టంలోనే ఆ మాట ఉంది. దాని వెంటనే ఇంకో మాట కూడా ఉంది: అరబీ రాని పక్షం మాటల్ని, సాక్షి మాటల్ని ప్రమాణం చేసిన ముతర్జిమ్ ద్వారా వినాలి. ముతర్జిమ్ చేసేది తర్జుమా. ఆ మాట కూడా మనదే.

తెలుగువాళ్లకు పరాయి భాష కోర్టు కొత్త కాదు. నిజాం రాజ్యంలో 1880ల దాకా పారశీకం, తర్వాత ఉర్దూ. నల్లగొండ రైతు తన భూమి సంగతి ఉర్దూ కాగితంలో ఏం రాశారో తెలియక వేలిముద్ర వేశాడు. ఇటు మద్రాసు వైపు రైతు ఇంగ్లీషు తీర్పుని వకీలు నోట విన్నాడు. మధ్యలో దుబాసీ. దుబాసీ మంచివాడైతే మంచిదే. రుమైథియాలోనో సాల్మియాలోనో ఒక ఇంట్లో పనిచేసే గోదావరి జిల్లా అమ్మ మీద నగ పోయిందని ఫిర్యాదు వచ్చిందనుకుందాం. ఇది ఉదాహరణే, కానీ ఇలాంటివి మన మధ్య ఎవరికీ కొత్త కాదు. ఎదురుగా అధికారి, పక్కన హిందీ తెలిసిన ఒకాయన. "హిందీ మాలూమ్?" అంటే ఆవిడ భయంతో, మర్యాదతో తలూపుతుంది. ఆవిడకి వచ్చిన హిందీ వంటింటి హిందీ. "నేను తీయలేదు, అమ్మగారే దాచమని ఇచ్చారు" అన్న వాక్యం ఆ హిందీలో "నా దగ్గరే ఉంది" అయిపోగలదు. అక్కడి నుంచి అరబీలోకి వెళ్లేసరికి ఇంకేమవుతుందో చెప్పలేం. అందుకే పెద్ద పిల్లలకు ఒక్క వాక్యం మూడు భాషల్లో కంఠస్థం చేయించండి: నాకు తెలుగే వచ్చు, తెలుగు తర్జుమా చేసేవాళ్లు కావాలి, మా ఎంబసీకి కబురు చేయండి. పట్టుబడ్డ విదేశీయుడు కోరితే అతని దేశపు కాన్సులేటుకి తెలియజేయాలని 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణం చెబుతుంది. ఇండియా, కువైట్ రెండూ దానికి కట్టుబడినవే.

ఇంకో ప్రశ్నకి కూడా సిద్ధపడి వెళ్లండి. "మా మామయ్యని ఏ కోర్టుకీ తీసుకెళ్లకుండానే ఇండియా పంపేశారు, అదెలా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. దేశం నుంచి పంపేయడం, ఇక్కడి మాటలో ఇబ్ఆద్, రెండు రకాలు. ఒకటి కోర్టు తీర్పులో భాగంగా వచ్చేది. రెండోది అధికారుల ఉత్తర్వుతో జరిగేది. ప్రభుత్వ ఉత్తర్వుల మీద కోర్టుకి వెళ్లే హక్కునిచ్చిన 1981 నాటి 20వ నంబరు చట్టమే, విదేశీయుల నివాసం, వాళ్లని పంపేయడం అన్న విషయాల్ని ఆ హక్కు బయట ఉంచింది. నాకు ఇది మొత్తం వ్యవస్థలోకి బలహీనమైన చోటు అనిపిస్తుంది. పాఠంలో మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పి వదిలేయండి. ఇంటిపని వాళ్లకు 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికో రోజు సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదన్న నిబంధన అందులో ఉన్నాయి. అంతకుముందు ప్రైవేటు కార్మిక చట్టం వాళ్లని లెక్కలోకే తీసుకోలేదు. 1959 నుంచి ఉన్న విదేశీయుల నివాస చట్టం స్థానంలో కొత్తది 2025 జనవరి 5న అమల్లోకి వచ్చింది. ఇలాంటివి మారుతుంటాయి కాబట్టి ప్రతి ఏడూ పాఠం ముందు ఒకసారి సరిచూసుకోండి.

ఈ పాఠంలో "మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగిందా" అని మాత్రం అడగొద్దు. చెప్పాలనుకున్న పిల్ల తరగతి అయ్యాక తనే వచ్చి చెబుతుంది. అప్పుడు వినండి, ఎంబసీలో కార్మికుల సహాయ విభాగం ఉందని ఇంట్లో చెప్పమనండి.

సమయం మిగిలితే క్షమాభిక్ష గురించి చెప్పండి. రాజ్యాంగం 75వ అధికరణం ప్రకారం అమీర్‌కి శిక్ష తగ్గించే అధికారం ఉంది. మరణశిక్షని ఆయన ఆమోదించేదాకా అమలు చేయరు. 2017 సెప్టెంబరులో ఆయన 15 మంది భారతీయుల మరణశిక్షని యావజ్జీవంగా మార్చారు, ఇంకో 119 మంది శిక్షాకాలం తగ్గించమన్నారు. నాటి మన విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ఆ వార్త ప్రకటించారు. "అంటే వాళ్లు తప్పు చేయలేదని తేలిందా?" అని పిల్లలు అడుగుతారు. తేలలేదు. నిర్దోషి అని కోర్టు చెబితే దాన్ని ఇక్కడ "బరాఅ" అంటారు, క్షమాభిక్ష "అఫ్వు". బోర్డు మీద ఈ రెండు మాటల కుడిపక్కన గడి నింపేశారు, ఎడమపక్కన ఖాళీగా ఉంటుంది. అక్కడ ఏ తెలుగు మాటలు రాయాలో పిల్లల్నే చెప్పనివ్వండి.